మా వీధికి ‘స్టే’ నేర్పిన మణిశంకర్ గారు

మా ఎదురింటి మణిశంకర్ గారు మా భీమవరంలోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన మాట విన్నవాళ్ళు లేరు. గుమస్తాలు వినలేదు, పై ఆఫీసరు వినలేదు, ఇంట్లో భార్య హైమగారు అసలే వినరు. అందుకే కాబోలు, రిటైరవగానే కుక్కని కొన్నారు.

మామూలు కుక్క కాదు, రాట్‌వీలర్. నల్లగా దూడంత ఉంటుంది. పేరు మేజర్. మండపేటలో ఎవరో డాబా మీద పెంచి అమ్ముతుంటే తెచ్చారు. “తల్లీ తండ్రీ తోడబుట్టినవాళ్ళేనండి. రక్తం బయటికి పోలేదు” అని వీధంతా గొప్పగా చెప్పారు. మేనరికం అంటేనే డాక్టర్లు తిడుతున్న రోజులు. కుక్కల్లో మాత్రం అది వంశగౌరవమట.

మేజరు కూడా ఆయన మాట వినలేదు.

మా ఇంటికి చేపలు తెచ్చేది తలుపులమ్మ. మా ఆయన పోయాక మా అరుగు మీద కూర్చుని మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. మా ఆయనకి కొరమీను ఇష్టం. ఆయన పోయాక కూడా గంప దించగానే ముందు అదే తీసి చూపించేది. అంతలో ఆయన లేరని గుర్తొచ్చి లోపల పెట్టేసేది.

ఒకరోజు ఎదురింటి గేటు తీసి ఉంది. మేజరు వచ్చి తలుపులమ్మ పిక్క పట్టేసింది. ఆసుపత్రిలో కుట్లు వేసి సూదులు పొడిచారు. మణిశంకర్ గారు చూడ్డానికి వచ్చి, “వాడు ఎవర్నీ ఏమీ అనడమ్మా. నువ్వు పరిగెత్తావు. వాడు ఆటనుకున్నాడు” అన్నారు.

“ఆయ్, ఆడుకున్నాడండి. ఈసారి బంతి అట్టుకొత్తాను, నా పిక్క వదిలెయ్యమనండి” అంది తలుపులమ్మ.

ఆ తరవాత ఆమె మా వీధికి రావడం మానేసింది. నా అరుగు ఖాళీ అయింది.

వీధివాళ్ళు మునిసిపాలిటీలో చెప్పారు. కుక్కకి తర్ఫీదు ఇచ్చి చూపిస్తే లైసెన్సు ఇస్తామని, లేకపోతే మూతికి చిక్కం కట్టాల్సిందేనని వాళ్ళన్నారు.

“చిక్కమా? వాడేమైనా నూర్పుళ్ళలో ఎద్దా?” అని మణిశంకర్ గారు బాధపడ్డారు. రాజమండ్రి నుంచి లోకనాథ్ అనే ట్రైనర్ని పిలిపించారు.

అతను తాడు పట్టుకుని “స్టే, స్టే” అని వీధంతా తిరిగేవాడు. మేజరు అతన్ని ఈడ్చుకుంటూ తిరిగేది. చివరికి అతను మాకే చెప్పాడు. “అది నేర్చుకునేలోగా మీరు నేర్చుకోండి. స్టే అని వినబడితే కదలకండి. కదిలితేనే అది మీద పడుతుంది.”

మేము తొందరగానే నేర్చుకున్నాం. పాల వీరబాబు సైకిలు మీద ఒక కాలు కింద పెట్టి బొమ్మలా ఆగేవాడు. నేను తులసికోటకి పోస్తున్న చెంబు వంచినదాన్ని వంచినట్టే ఉంచేదాన్ని. నీళ్ళన్నీ నా కాళ్ళ మీదే. జన్మలో మొదటిసారి మణిశంకర్ గారి మాట ఒక వీధి మొత్తం విన్నది. ఆయన ముఖంలో కళ వచ్చింది.

మునిసిపాలిటీ నుంచి అశ్విని గారనే ఆఫీసరమ్మ పరీక్షకి వచ్చింది. మణిశంకర్ గారు “స్టే” అన్నారు. వీధి ఆగిపోయింది. కదిలేది ఏదీ లేక మేజరు కూడా స్తంభం వాసన చూస్తూ నిలబడింది.

“కంట్రోలు బాగుందండి” అంటూ ఆవిడ పెన్ను తీసింది.

సంతకం పడితే తలుపులమ్మ ఇక రాదు. నేను మా గేటు వెనకాల నిలబడి, “ఆగింది మేమండీ” అన్నాను.

“ఆవిడకి తెలీదు లెండి” అన్నారు మణిశంకర్ గారు ఆఫీసరమ్మతో.

“ఇంకోసారి అనమనండమ్మా” అన్నాను.

ఆయన స్టే అన్నారు. నేను గేటు వెనకే ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. మేజరు ఒక్క దూకు దూకి మా గేటుకి కొట్టుకుంది. తాడు వెంట మణిశంకర్ గారు కూడా బోర్లా వచ్చారు.

“పిలిస్తే రారు గాని, అది లాగితే వస్తారు” అన్నారు హైమగారు వాకిట్లోంచి.

ఆఫీసరమ్మ చిక్కం రాసింది. గేటుకి గడియ కూడా రాసింది.

తలుపులమ్మ మళ్ళీ వచ్చింది. గంప దించి, అలవాటు కొద్దీ ముందు కొరమీను పైకి తీసింది. సరిగ్గా అప్పుడే, చిక్కం కట్టిన మేజరు వెనకాల మణిశంకర్ గారు “స్టే, స్టే” అంటూ వెళుతున్నారు. అది ఆగలేదు. నేను ఆగిపోయాను, నన్ను చూసి తలుపులమ్మ కూడా ఆగిపోయింది. చేప ఆమె చేతిలో అలాగే పైకి ఉండిపోయింది, లోపల పెట్టే వీల్లేక. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

వాళ్ళు మలుపు తిరిగాక తలుపులమ్మ చెయ్యి దించబోయింది.

“ఉండనీ, తూకం వెయ్యి” అన్నాను.