వేడి కాదు బావా

రమణమూర్తి గురించి చెప్పేటప్పుడు ఆయన చేసినవన్నీ వరసగా చెప్పాలి. ఒక్కటి తగ్గినా ఆయన ఊరుకోడు. ఆనందపురం పక్క పల్లెలో ఎనిమిదో తరగతి ఫస్టున పాసయ్యాడు. స్టీలు ప్లాంటులో హెల్పరుగా చేరి, ఉక్కు కరిగించే షాపులో క్రేన్ ఆపరేటరయ్యాడు. ముప్పై మూడేళ్ళు, సలసల కాగే ఉక్కు నిండిన పెద్ద పాత్రను మనుషుల తలల మీదుగా మోసుకెళ్ళాడు, ఒక్కరికీ చురుక్కుమనలేదు. సేఫ్టీ బహుమతులు ఆరు. హుద్‌హుద్ తుపాను మర్నాడు రోడ్డంతా చెట్లు పడి ఉంటే గాజువాక నుంచి నడిచి డ్యూటీకి వెళ్ళాడు. సర్వీసు మొత్తంలో మెడికల్ లీవు ఒక్కరోజూ పెట్టలేదు.

ఆ చివరి గొప్పే ఆయన కొంప ముంచబోయింది.

రిటైరయ్యాక విరేచనంలో రక్తం కనపడింది. కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళకు అన్ని రోగాలకూ ఒకటే పేరు: వేడి. కళ్ళు మండినా వేడే, కడుపు నొచ్చినా వేడే. మందు మజ్జిగ, సబ్జా గింజలు. అలా పద్నాలుగు నెలలు మజ్జిగతో చల్లార్చాలని చూశాడు. స్పృహ తప్పి పడిపోయాక తేలింది, పెద్దపేగు చివర క్యాన్సర్ అని. ఆ భాగం కోసేసి, పొట్ట మీద ఎడమవైపు దారి పెట్టి, దానికో సంచి తగిలించారు. ఇక జన్మంతా మలం అందులోకే. ఇంట్లోవాళ్ళు బయట హెర్నియా ఆపరేషన్ అని చెప్పారు. రెండేళ్ళు ఆ అబద్ధం నడిచింది.

దాన్ని ఆపించినవాడు దాలయ్య. ప్లాంటులో కింద నిలబడి చేతి సైగలు చేసేవాడు. పైన క్యాబిన్‌లో రమణమూర్తి ఆ చేతుల్ని చూసి క్రేను నడిపేవాడు. ఇరవై ఏళ్ళ జత. కిందటి నెల ఇద్దరూ సింహాచలం వెళ్ళారు. కొండ మీద దాలయ్య మూడుసార్లు బాత్రూముకి పరిగెత్తి, మొహం పాలిపోయి వచ్చాడు.

"ఏట్రా, రక్తం పడతందా?"

"కొంచెం. ఏడి సేసింది బావా. మజ్జిగ తాగితే సర్దుకుంటాది."

అవి పద్నాలుగు నెలలు రమణమూర్తి చెప్పుకున్న మాటలే. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. దాలయ్య నవ్వేశాడు. "నీకేటి తెలుసు? నీది హెర్నియా కదా."

రిటైరైనవాళ్ళు నెలకో ఆదివారం గాజువాకలో సంఘం గదిలో కలుస్తారు. మీటింగు మొదలయ్యే తీరు ప్లాంటులో షిఫ్టు ముందు లాగానే. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం ఒకటి, తప్పు చేసినవాడే లేచి అందరికీ చెప్పాలి. ఈసారి తన వంతనీ, దాలయ్య కోసం సంచి సంగతే చెప్తాననీ ఇంట్లో చెప్పాడు రమణమూర్తి.

భార్య కాశమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. "ఏటయ్యా, మతి పోనాదా? అందరి ముందర సొక్కా ఎత్తి సంచి సూపిత్తావా? రేపు పెళ్ళికెల్తే మన పక్కన కూకుంటారేటి మనుసులు?"

"కూకోకపోతే నిలబడమను."

"దాలయ్యకి సెవిలో సెప్పు. సాల్దా?"

"సెవిలో సెప్తే నాను సిగ్గుపడినట్టు. నన్ను సూసి ఆడూ సిగ్గుపడతాడు. దాసుకుని సత్తాడు."

ఆదివారం గది నిండా మనుషులు. రమణమూర్తి లేచి, అలవాటు చొప్పున సర్వీసు సంగతులు మొదలుపెట్టాడు. సంఘం కార్యదర్శి ఐజాక్ నవ్వాడు. "ఆరు బహుమతులూ తెలుసులే బావా, ఏడోది సెప్పు!"

"ఏడోది ఇదిగో." చొక్కా ఎత్తాడు.

ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ముందు వరసలో ఒకాయన ముక్కు మూసుకున్నాడు.

"వాసన రాదురా, సెయ్యి తియ్యి. నీ సుట్ట కంపు కన్నా నయం."

రక్తం సంగతి చెప్పాడు, పద్నాలుగు నెలల సంగతి చెప్పాడు, ఇంట్లోవాళ్ళు హెర్నియా అని చెప్పిన అబద్ధమూ చెప్పాడు. వెనక వరసలో దాలయ్య లేచి నిలబడ్డాడు. చెయ్యి బారుగా చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపాడు. ఆపు. ప్లాంటులో ఆ సైగ ఎవరు చేసినా ఆపరేటరు ఆగాల్సిందే. ముప్పై మూడేళ్ళలో రమణమూర్తి దాన్ని ఒక్కసారీ దాటలేదు. ఇప్పుడు ఆ చేతి వైపే చూస్తూ ఆగలేదు.

"మజ్జిగ తాగితే రక్తం ఆగుతాదనుకున్న ఎదవని నాను. అది ఏడి కాదు. ఈ గదిలో ఇంకెవుడైనా మజ్జిగ తాగతన్నాడేమో. పేరు నాను సెప్పను. ఆడికి తెలుసు."

దాలయ్య చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు.

"ఇరవై ఏళ్ళ నేస్తం పోనాది, సూసినావా?" అంది కాశమ్మ.

"నేస్తం పోతే పోనీ. మనిసి ఉంటే సాలు." అన్నాడే గాని, ఆ మూడు రోజులూ అన్నం సరిగా తినలేదు.

గురువారం పొద్దున్నే గేటు దగ్గర దాలయ్య. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆధార్ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు. మొహం చూడడు.

"ఆపమంటే ఆపలేదు నువ్వు."

"కంప్లైంటు రాసుకో."

"రాసుకుంటాను. ముందు డాక్టరు గదిలోకి నాతోటి రావాల. ఆ మాటలు నా నోటంట రావు."

"నాను సెప్తాను. గట్టిగా సెప్తాను."

"గట్టిగా వద్దు బావా, నీకు దణ్ణం!"

దాలయ్య రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డాడు. అక్కణ్ణించే చూపుడువేలు పైకెత్తి చిన్నగా గుండ్రంగా తిప్పాడు. క్రేనుకి ఎత్తమని సైగ.

రమణమూర్తి ఈ సైగ దాటలేదు. సంచి ఒకసారి సర్దుకుని, కాశమ్మకు వినపడేలా గేటు వేసి, రోడ్డు ఎక్కాడు.