చేపలా, సేపలా

ఈరోజు పిల్లల చదువు పరీక్షించడానికి జిల్లా నుంచి ఒక అధికారి మా బడికి వచ్చారు. మూడో తరగతి పాప "సెరువులో సేపలున్నాయి" అని గడగడా చదివేసింది. ఆయన రెండు తప్పులు వేశారు.

"ఇంట్లో అలాగే అంటారండీ" అన్నాను.

"పుస్తకంలో ఉన్నట్టే చదవాలి మేడమ్. మార్కులు తగ్గితే పైవాళ్లు మిమ్మల్నే అడుగుతారు" అన్నారాయన.

పాప నా చెయ్యి పట్టుకుని, "అయితే అయి సేపలు కావేటి, టీచర్?" అంది.

ఆ వయసులో గరివిడి బడిలో నేనూ అలాగే చదివేదాన్ని. నాలుక దిద్దుకుని టీచర్నయ్యాను. పాపకీ "చేప" అనడం నేర్పించాను, తప్పదు కదా.

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే నేను వండుకున్న చేపల పులుసు. బాగానే కుదిరింది. కానీ మా అమ్మ వండినవి సేపలు.

మీ ఇంట్లో ఏవి వండేవారు?