జ్ఞానరత్నం మినుములు

“మినుములంటే ఏటో మీ ఆయనకి ఎవులు సెప్పినారే గంగాభవానీ? గోడలు సెప్పినాయా?”

“నాకేటి తెలుసు పిన్నీ! లైనంతా అంటారు గదా!”

“లైనంతా అంటాది. ఇన్నేళ్లలో ఒక్క ఖాకీవోడి సెవినైనా పడిందేటి?”

పరాయి రాష్ట్రంలోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో, తెలుగువాళ్ల లైను కొళాయి దగ్గర ఆ కేకలు విని విల్‌ఫ్రెడ్ సైకిలు ఆపేశాడు. కాలేజీ మానేసి తిరుగుతున్నవాడికి పొద్దున్నే వేరే పనేముంది? అరుస్తున్నది పక్కింటి జ్ఞానరత్నం పెద్దమ్మ. చర్చిలో పాటకి తప్ప ఆవిడ గొంతు అంతలా లేవడం అతను ఎన్నడూ వినలేదు.

మినుములంటే యార్డులో ఇంజన్ల కోసం పోసిన బొగ్గు. ఆ మాట పుట్టించిందే జ్ఞానరత్నం. ఫైర్‌మన్ మొగుడు పోయిన కొత్తలో గంప నెత్తిన పెట్టుకుని వస్తుంటే పాస్టరుగారు ఎదురై, “ఏంటమ్మా అంత బరువు?” అన్నారట. దొంగబొగ్గని ఏ నోటితో చెబుతుంది? “మినుములండి” అంది. “అయితే ఆదివారం గారెలన్నమాట” అని ఆయన నవ్వి పోయారు. లైనులో ఆడవాళ్లు నెల్లాళ్లు పడిపడి నవ్వుకున్నారు. నవ్వు పోయింది గానీ మాట నిలిచిపోయింది. “మినుములున్నాయా?” అంటే పొయ్యిలోకి ఉందా అని. “పుచ్చిపోయాయి” అంటే యార్డులో కాపలా ఉంది, వెళ్లొద్దని.

ఆ లైనుకో కట్టుబాటు ఉంది. బాలింత ఇంట్లో వేడినీళ్లకి లోటు రాకూడదు, ఇంటికో గంప మినుములు పంపాలి. గంగాభవాని పురుడు పోసుకునేనాటికి మొగుడు హరనాథ్ రైల్వే పోలీసులో చేరాడు. ఖాకీ కొంపకి వద్దని అందరూ మానేశారు. “మొగుడు పోలీసైతే పసిగుడ్డు కూడా పోలీసేనేటి?” అంటూ జ్ఞానరత్నం ఒక్కతే మోసింది. తనే నీళ్లు కాచి, బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోసింది.

నిన్న సాయంత్రం అదే హరనాథ్ ఇద్దరు జవాన్లతో వచ్చి, “మినుములెక్కడ పెట్టినావు పిన్నీ?” అని తెలుగులోనే అడిగి నేరుగా పెరట్లోకి నడిచాడు. క్వార్టరు కొడుకు దావీదు పేర ఉంది కాబట్టి దావీదునే పట్టుకుపోయారు. కేసు రాస్తే షెడ్డులో వాడి ఉద్యోగం ఊడినట్టే.

గంగాభవాని బిందె చంకనెత్తుకుంది. “ఆయన అడిగినారు, సెప్పినాను. మొగుడి దగ్గర దాస్తానేటి?” అని తల తిప్పుకుని వెళ్లిపోయింది.

“అడిగినాడటరా,” అంది జ్ఞానరత్నం విల్‌ఫ్రెడ్ వైపు తిరిగి. “అడిగినాడని సెప్పేసిందట.”

“హరనాథ్ గాణ్ణి ఖరిదా బజార్లో పట్టుకుని నాలుగు తగిలించమంటావా పెద్దమ్మా?”

“నీ పౌరుషం నాకెందుకురా. నాది బజారు హిందీ, ఠాణాలో పెద్ద పోలీసు, ఆ దారోగాబాబు ముందు నోరు పెగల్దు. నాతో ఠాణాకి రా. బొగ్గు తెచ్చింది దావీదు కాదు, వాళ్లమ్మేనని సెప్పు. నన్ను లోపలేసి వాణ్ణి డ్యూటీకి వదిలెయ్యమని అడుగు.”