కత్తెర మీద పీట

నా చిన్నప్పుడు మేము సూరత్‌లో, సలాబత్‌పురా వెనక ఒక చాలీలో ఉండేవాళ్లం. వరుసగా గదులు, ఇంటికి ఒక్కటే గది, గోడకు గోడ. పక్కింట్లో దగ్గితే మా ఇంట్లో వినిపించేది. మా బాపు కరీంనగర్ దిక్కు నుంచి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వచ్చినవాడు. నన్ను బడికి పంపింది కొన్నాళ్లే. రాయడం పెద్దగా రాదు, అయినా ఇది రాయాలనిపించింది.

మొన్న మా మనుమడు ఫోన్‌లో ఫుట్‌బాల్ చూస్తున్నాడు. ఆఫ్రికా దేశాల మధ్య పోటీలట. పొద్దంతా అదే పనా అని తిడదామని దగ్గరికి పోయి, తిట్టకుండానే నిలబడిపోయాను. ఆడేవాళ్లను కాదు నేను చూసింది. చూడ వచ్చిన జనం చేతుల్లో జెండాలు ఊగుతున్నాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆ మూడు రంగులు పక్కపక్కన కనిపిస్తే నాకు ఇప్పటికీ మా అమ్మ కుట్టు మిషన్ గుర్తుకొస్తుంది. ఎందుకో చెప్తాను.

మా అమ్మకు పని ఇచ్చే సేటుకు ఒక తమ్ముడు ఉండేవాడు. అతనికి ఆఫ్రికాలో బట్టల దుకాణం. అక్కడ పడమటి దిక్కు దేశాల మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరగబోతున్నాయని, జనం పట్టుకొని ఊపడానికి చిన్న చిన్న జెండాలు కావాలని అన్నకు కబురు పెట్టాడు. సూరత్‌లో చవకగా అవుతాయి గదా. అందులో రెండు దేశాల పని మా చాలీకి వచ్చింది. మాలి అని ఒకటి, గినీ అని ఒకటి. రెండింటికీ అవే మూడు రంగుల నిలువు పట్టీలు. కర్ర పక్కన ఆకుపచ్చ ఉంటే మాలి, కర్ర పక్కన ఎరుపు ఉంటే గినీ. తేడా అంతే. అందుకని సేటు రెండింటికీ ఒకే గుడ్డ అచ్చు వేయించి, ముక్కలు కోయించి, రెండు మూటలు సమానంగా కట్టి పంపాడు. కర్ర దూరేటట్టు ఒక అంచు మడిచి కుట్టడమే పని. మాలివి మా అమ్మకు, గినీవి పక్కింటి అక్కకు. చాలీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే.

కుట్టు మిషన్లు కూడా సేటువే. సరుకు పాడు చేస్తే మిషన్ వెనక్కి తీసుకొనిపోయేవాడు. వట్టి మాట కాదు. చివరి గదిలో ఉండే ఆమె మిషన్‌ను హమాలీ నెత్తిన పెట్టుకొని పోతుంటే నేను చూశాను. ఆమె గడపలో నిలబడి, అది సందు మలుపు తిరిగిందాకా చూసింది. తర్వాత కొన్నాళ్లకు వాళ్ల గదికి తాళం పడింది. మాకేమో బాపు చెయ్యి సాంచెలో పడి నలిగి, కట్టుతో ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఎండాకాలం మా పొయ్యి వెలిగిందంటే ఆ మిషన్ తిరగబట్టే.

సేటు దుకాణంలో రాత పని చూసే మెహతాజీ వచ్చి, ఒక ముక్కను అచ్చు మెరిసే ముఖం పైకి పెట్టి, అమ్మకు ఎడమ అంచు చూపించి పోయాడు. అది ఆకుపచ్చ అంచు. కానీ అమ్మ మగ్గం నేసే ఇంటి బిడ్డ. వాళ్లింట్లో బట్ట మంచి ముఖం ఎప్పుడూ కిందికే ఉండేది, దుమ్ము పడకుండా, చెమట చేతులు తగలకుండా. చేతికి వచ్చిన అలవాటు పోతుందా? ప్రతి ముక్కనూ బోర్లించి, ఎడమ అంచే మడిచి కుట్టింది. బోర్లిస్తే ఎడమకు వచ్చేది ఎరుపు. అది ఆమెకూ తట్టలేదు, పక్కన కూర్చొని దారాలు తెంపే నాకూ తట్టలేదు.

మూట మొత్తం అయిపోయిన రోజు పొద్దున, సాయంత్రం మెహతాజీ వస్తాడనగా, మూట మూతి కుట్టడానికి పెద్ద సూది అడిగి రమ్మని అమ్మ నన్ను అక్క ఇంటికి పంపింది. అక్క మిషన్ బెల్టు తెగి ఆమె పని మొదలే కాలేదు. కొత్త బెల్టు అప్పుడే వచ్చింది, బిగిస్తూ ఉంది. గోడకు సేటు పంపిన నమూనా జెండా, కర్రతో సహా. గినీది. కర్ర పక్కన ఎరుపు.

మా ఇంట్లో గుట్టగా పడి ఉన్నవీ అట్లాంటివే.

సూది తీసుకోలేదు. అక్క పిలుస్తున్నా వినకుండా ఉరికాను. ఒక జెండాకు చీపురు పుల్ల దూర్చి అమ్మ ముందు పెట్టి, అక్క ఇంట్లో గినీది ఇట్లనే ఉంది అన్నాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం కలిగేది కాదేమో. మెల్లగా కత్తెర తీసుకొని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ పలుచనిది, కత్తెర మొన తగిలి పర్రున చిరిగింది. ఇంకొకటి తీసింది. అదీ చిరిగింది. సందులో స్కూటర్ చప్పుడైనప్పుడల్లా మెహతాజీయేనేమోనని ఆమె చెయ్యి ఆగేది. నాకైతే ఆ మిషన్ అప్పుడే హమాలీ నెత్తి మీద కనిపిస్తూ ఉంది.

సూది పట్టుకొని అక్కే వచ్చింది. "ఏందే, గట్ల ఉరికినవు? నా ఇంట్ల దయ్యం కనవడ్డదా?" అంటూ లోపలికి వచ్చి, చిరిగిన ముక్కలు చూసి, అమ్మ ముఖం చూసి, మాట ఆపింది. అమ్మ చేతిలోంచి కత్తెర తీసుకొని నేల మీద పెట్టింది. దాని మీదికి మా చెక్క పీట లాగి, పీట మీద తాను కూర్చుంది.

"లే అక్కా, యాళ్ల లేదు. ఆయన వస్తడు."

"రానియ్యి. భయంల ఉన్న చేతికి కత్తెర ఇయ్యద్దు చెల్లె. నేనైతే లేవ."

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఆ జెండా నా చేతికిచ్చింది. ఇది ఏ దేశానిదే అని అడిగింది. తప్పుది అన్నాను.

"తప్పు అనే దేశం యాడ ఉన్నదే? మంచిగ చూసి చెప్పు."

"గినీ."

"గినీ పని ఎవరిది?"

"నీది."

"అంటే మీ అమ్మ నా పనంత చేసి పెట్టింది. మరి మీరెందుకు గిట్ల కూసున్నరు?"

అమ్మ తల ఎత్తి ఆమె వైపు చూసింది. అక్క మూట రెండు ఇండ్లకూ పంచుకున్నారు. గోడకు ఇటు ఒక మిషన్, అటు ఒక మిషన్. గుడ్డ ఒకటే గదా, ఈసారి ఆకుపచ్చ అంచు మడిచి మాలివి కుట్టారు. నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఉరుకుతూ మోశాను. నా భయం మాత్రం పోలేదు. ఎవరి పని ఎవరు చేశారని మెహతాజీ గొడవ పెట్టుకుంటే? చిరిగిన వాటి మాటేమిటి?

పొద్దుగూకే యాళ్లకు ఆయన వచ్చాడు. వెంట హమాలీ ఉన్నాడు. నేను పోయి మిషన్‌కు ఆనుకొని నిలబడ్డాను, నేను ఆనుకుంటే అది కదలదన్నట్టు. అక్క ఏదీ దాచలేదు. ఆమెవి నేను కుట్టిన, నావి ఆమె కుట్టింది, ఇవి రెండు చిరిగినయి అని, ఆ చిరిగినవే పైన పెట్టి ఇచ్చింది. మెహతాజీ అద్దాలు పెట్టుకొని చేతికొక జెండా పట్టుకున్నాడు. దీన్ని చూస్తాడు, దాన్ని చూస్తాడు. చివరికి నా వైపు తిరిగి, "అరే బేటీ, ఇస్‌మే మాలి కౌన్‌సా?" అని, మాలి ఏదో నన్నే అడిగాడు. ఆయనకూ తెలియదు! మడిచిన అంచు ఆకుపచ్చగా ఉన్నదానికి నేను వేలు చూపించాను. జేబులోని చీటీతో సరిచూసుకొని తల ఊపాడు. చిరిగిన రెండింటికీ అమ్మను గట్టిగానే కసిరి, హమాలీకి సైగ చేశాడు. ఆ సాయంత్రం సందు మలుపు తిరిగి పోయినవి జెండాల మూటలే. మిషన్ మా గదిలోనే ఉంది.

ఆ జెండాలు ఎవరి చేతుల్లో ఊగాయో, ఆ పోటీల్లో ఎవరు గెలిచారో మాకు తెలియలేదు. మొన్న ఫోన్‌లో చూసినప్పుడు మాత్రం మనుమడిని పక్కకు జరిపి, కర్ర పక్కన ఏ రంగు ఉందో చూసి, వీళ్లు మాలి వాళ్లురా అన్నాను. వాడు నోరు తెరిచాడు.

అక్క ఇప్పుడు లేదు. పీట ఉంది. ఒక కాలు విరిగితే మేకు కొట్టించాను, కొత్తది కొనలేదు. పోయినేడు మా పెద్దోడు మిల్లులో పని పోయిందని వచ్చి, ఆ పూటనే సామాను అమ్మేసి ఊరికి పోదామన్నాడు. నేను ఆ పీట తెచ్చి గడపకు అడ్డంగా వేసుకొని కూర్చున్నాను. ముందు అన్నం తిను, తర్వాత ఈ సంగతి బోర్లించి చూద్దాం అన్నాను. తిన్నాడు. సూరత్ పక్కనే పల్సానాలో ఇంకో పని దొరికిందాకా సామాను కదలలేదు. కోడలు నవ్వుతుంది, అత్తమ్మ పీట వేసిందంటే ఇంట్లో ఎవరికో భయం పట్టిందన్నమాటే అని.

నవ్వనీ. మా ఇంట్లో కత్తెర ఎవరడిగినా ఇస్తాను. భయంతో అడిగితే మాత్రం పీట మీంచి లేవను.