కురుగోడులో తప్పిన వరస

2008లో బళ్లారి రోడ్ల మీద ఇనుప ఖనిజం లారీలదే రాజ్యం. ఏ లారీ ఎన్నో పాళిలో, అంటే ఎన్నో వంతులో, గనికి వెళ్లాలో లారీ యజమానుల సంఘం రోజూ పొద్దున్నే గోడమీది నల్లబోర్డు మీద రాసేది. అది చూసుకోవడానికే కురుగోడు నుంచి, కంప్లి నుంచి జనం బైకుల మీద వచ్చేవారు.

కౌల్ బజార్‌లో కంప్యూటర్ సెంటర్ నడిపే తబితా ఆ బోర్డును వెబ్ పేజీగా చేస్తానంది. ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఇతరుల పేజీల సోర్స్ కోడ్ తెరిచి, ఒక్కో లైను తీసేసి, ఏం చెడిపోతుందో చూసి నేర్చుకుంది. పేజీని వారం నడిపి చూపమని సంఘం గడువిచ్చింది. శనివారం సభలో సరే అంటే అదే ఆమెకు మొదటి పెద్ద పని. కాదంటే మళ్లీ పెళ్లిపత్రికల టైపింగే.

బుధవారం కురుగోడు వీరభద్రప్ప వచ్చాడు. ఒకే లారీ ఉన్న మనిషి.

“ఏం తబితమ్మా, మా ఊర్లో చూస్తే నీ పేజీలో నా బండి పద్నాలుగోదని ఉండాది. నిదానంగా పొమ్మని డ్రైవర్‌కి చెప్పినా. ఆడికి పోతే మూడోదంట. పాళి పోయె.”

“ఈడ మూడోదనే చూపిస్తాండాది, చూడప్పా.”

“ఈడికొచ్చి చూసేదానికి బోర్డే మేలు గదా. దానికి కరెంటు కూడా అక్కర్లే.”

జెరాక్స్ కోసం నిలబడినవాళ్లు నవ్వారు. తబితా సెంటర్‌కు తాళం వేసి అతనితో బస్సెక్కింది.

కురుగోడులో అతను చూసిన ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లో, ఫోన్ లైను మీద పేజీ మెల్లగా తెరుచుకుంది. మూడుసార్లు చూశాక విషయం తెలిసింది. ఆమె కోడ్ రెండు స్క్రిప్ట్ ట్యాగులు, అంటే బయటి ఫైళ్లను పిలిచే లైన్లు, తయారుచేసి ఒకేసారి పేజీలో పెడుతోంది. మొదటిది లారీల జాబితా తెస్తుంది, పెద్దది. రెండోది దాన్ని పాళి ప్రకారం సర్దుతుంది, చిన్నది. ఏది ముందు వస్తే అది ముందు పనిచేస్తుంది. బళ్లారిలో లైను వేగంగా ఉండి తేడా బయటపడలేదు. ఇక్కడ చిన్నది ముందొచ్చి, సర్దడానికి ఏమీ లేక ఊరుకుంది; తర్వాత వచ్చిన జాబితా సర్దకుండానే తెరమీద కనబడింది.

“ఏంది తప్పు?” అన్నాడు వీరభద్రప్ప.

“రెండు బండ్లనూ ఒకేసారి లోపలికి తోలినానప్పా.”

“గనికాడ అట్ల తోలితే తంతారు. ముందుబండి ఖనిజం నింపుకొని, పైన పట్టా కట్టుకొని కదిలినాకే రెండోదాన్ని పిలిచేది.”

ఆమె అలాగే మార్చింది. జాబితా స్క్రిప్ట్ వచ్చి పనిచేసినట్టు బ్రౌజర్ నుంచి ఆన్‌లోడ్ అనే కబురు అందాకే రెండో ట్యాగు పెట్టింది. ఆ కబురు ఇవ్వని పాత బ్రౌజర్ల కోసం ఇంకో నాలుగు లైన్లు రాసింది. సర్దడం అయ్యేదాకా జాబితాను దాచి, అసలు రాకపోతే ఆ సంగతి చెప్పే మాట పెట్టింది. గురువారం అదే కురుగోడు కంప్యూటర్ మీద పరీక్షించింది.

శనివారం సభలో పేజీ తెరుచుకుని జాబితా వచ్చేలోపే లైను పోయింది. తెరమీద ఒకటే మాట: ‘జాబితా రాలేదు. సంఘానికి ఫోన్ చేయండి.’

“అయిపాయె,” అన్నాడు అధ్యక్షుడు శ్రీమన్నారాయణ.

“రానిది రాలేదని చెప్పింది గదప్పా,” అన్నాడు వీరభద్రప్ప. “ఫోన్ చేసుకుంటాం. మొన్నటి మాదిరి తప్పు పాళి చెప్పుంటే నా బండి మళ్లా నిలబడేది.”

లైను వచ్చింది. జాబితా వరసగా నిలబడింది. అధ్యక్షుడు దాన్ని బోర్డుతో పోల్చి చివరిదాకా చదివాడు.

“పేజీ ఉండనీ. బోర్డు కూడా ఒక నెల రాద్దాం.”

తబితా తలూపి, సంఘం గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ జాబితా ఎలా మార్చాలో చూపించడం మొదలుపెట్టింది.