పెరట్లో తులసికోట, మేడమీద కౌసల్య

కౌసల్య మేడ దిగి తొమ్మిది నెలలయింది.

ఆ మెట్లు పదిహేను. సగం దాకా నిటారుగా ఎక్కి, అక్కడ ఇరుకుగా మెలిక తిరిగి, మళ్లీ నిటారుగా ఎక్కుతాయి. నూట నలభై ఏళ్ల కిందట ఆ ఇల్లు కట్టినవాడు మెట్లకు జాగా వదలడం దండగ అనుకున్నాడు కాబోలు. పోయిన జూలైలో, సిడ్నీ చలికాలంలో, ఆవిడ దుప్పట్లు చంకన పెట్టుకుని దిగుతూ ఆ మెలిక దగ్గరే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో రాడ్డు వేశారు. ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి, మోసుకెళ్లి పైన దించారు. ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమూ పైనే మరి.

అంతే, అప్పటినుంచీ పైనే. ముందు వీధివైపు పడగ్గది, వెనక పెరటివైపు బాత్రూము, మధ్యలో వాకర్ పట్టుకుని ఇరవై అడుగులు. పడగ్గది ముందు ఇనుముతో లేసు అల్లినట్టు పోతపోసిన బాల్కనీ. ఆదివారాలు జనం వీధిలో ఆగి దానికి ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోల్లో తను పడకుండా కౌసల్య కుర్చీ వెనక్కి జరుపుకుంటుంది.

సిడ్నీ నడిబొడ్డుకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉందా వీధి. అలాంటి ఇళ్లు వరసగా తొమ్మిది, గోడకు గోడ అంటించి, రైల్వే పనివాళ్లకు అద్దెకివ్వడానికి కట్టినవి. వెడల్పు పదమూడు అడుగులు. తొంభై ఆరులో మొగుడు శేషాద్రి ఐదో ఇల్లు కొన్నప్పుడు, "ఒంగోల్లో మా గొడ్లసావిడి ఇంతకంటే వెడల్పండీ" అని కౌసల్య పడీపడీ నవ్వింది. అప్పట్లో వాటి మీద ఎవరికీ మోజు లేదు. మోజు తర్వాత పుట్టింది. దాని వెనకే మునిసిపల్ కౌన్సిల్ వాళ్ల రూల్సూ వచ్చాయి. ఇది వారసత్వ సంపద, రంగు మార్చాలంటే అడగాలి. పొగగొట్టం జోలికి పోకూడదు. మెట్ల చెక్క కటకటా ముట్టుకోకూడదు. మెట్ల వెంబడి పాకే కుర్చీ బిగిద్దామంటే ఆ మెలికలో అది పట్టదు.

శేషాద్రి రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా చేసినవాడు. పెరట్లో వంటగదికి ఆనించి బాత్రూము కడదామని కాగితం మీద గీతలు గీశాడు. "పది రోజుల పని. పర్మిషన్ రానీ, నెలలో నిన్ను కిందికి దించుతా" అన్నాడు. ఆ నెల తొమ్మిది నెలలైనా పూర్తి కాలేదు.

మంచాన్ని కింది హాల్లో వేసి పక్కన కమోడ్ కుర్చీ పెడదామని కూతురు గీతిక అంది. కౌసల్య వద్దంది. పంతొమ్మిదేళ్లు ముసలాళ్ల హోములో ఆ కుర్చీల కింద గిన్నెలు తీసి పారబోసిన మనిషి ఆవిడ. "అందులో కూర్చున్నోళ్ల మొహాలు నేను చూశానే. నేను కూర్చోను."

"అయితే మా ఇంటికి వచ్చెయ్యమ్మా. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మాకు కిందే గది ఉంది, పక్కనే బాత్రూమ్."

"సొంతిల్లు పెట్టుకుని కూతురింట్లో కాపురమా?" అని శేషాద్రి మధ్యలో అడ్డుపడ్డాడు. మాట అక్కడితో ఆగిపోయింది.

ఇంకో తమాషా, కౌసల్య పడిందని బయట ఎవరికీ తెలియదు. గుళ్లో అడిగితే వాళ్లక్క దగ్గరికి ఇండియా వెళ్లిందని శేషాద్రి చెప్పాడు. ఇంట్లో జబ్బుందని తెలిస్తే ఇల్లు పలచనైపోతుందని శేషాద్రి తల్లి అంటుండేది. ఆమె పోయి ఇరవై ఏళ్లయినా ఆ భయం మాత్రం కొడుకు దగ్గరే ఉండిపోయింది. ఫోన్‌లో స్నేహితురాళ్లు పలకరిస్తే కౌసల్య కూడా ఒంగోల్లో ఉన్నట్టే మాట్లాడింది. అక్కడ ఎండలెలా ఉన్నాయని వాళ్లడిగితే మండిపోతున్నాయని చెప్పింది.

ఫిబ్రవరిలో కౌన్సిల్ నుంచి ఇల్లు చూడ్డానికి మనిషి వచ్చింది. చెక్కల నేల కాబట్టి కింద మాట్లాడేదంతా పైకి వినిపిస్తుంది.

"శ్రీలేఖా! మనమ్మాయివేనా? ఏ ఊరమ్మా మీది?"

"బ్లాక్‌టౌన్ అంకుల్. అమ్మావాళ్లది గుంటూరు. నాకు అంతా అండర్‌స్టాండ్ అవుతుంది, బట్ మాట్లాడితే చాలా బ్యాడ్."

"బ్యాడ్ ఏంది, బంగారంలా మాట్లాడతంటే! కూర్చో, ముందు కాఫీ తాగు."

వచ్చింది ఆఫీసరన్న సంగతి శేషాద్రి ఆ క్షణంలోనే మర్చిపోయాడు. జంతికల డబ్బా మూత తీసిన చప్పుడు కౌసల్యకు వినిపించింది.

"ఆంటీ లేరా అంకుల్?"

"ఆంటీ హెలెన్స్‌బర్గ్ గుడికెళ్లిందమ్మా. సాయంత్రానికి గానీ రాదు."

మంచం మీద కూర్చున్న కౌసల్యకు అప్పుడే దగ్గు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క కేక వేస్తే చాలు. కానీ ఆ కేకతో మొగుడు పరాయిపిల్ల ముందు అబద్ధాలకోరు అయిపోతాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అంత పని ఎప్పుడూ చెయ్యలేదు.

"పైన చూడొచ్చా?"

"పైనంతా చిందరవందరమ్మా. పెరట్లోకి రా, అసలు చూడాల్సింది అక్కడుంది."

కౌసల్య వాకర్ చప్పుడు కాకుండా ఎత్తెత్తి వేసుకుంటూ బాత్రూము కిటికీ దగ్గరికి చేరింది. కింద శేషాద్రి చేతులు తిప్పుతూ తులసికోట చూపిస్తున్నాడు. అది పెరటి మధ్యలో, సరిగ్గా బాత్రూము రావలసిన చోట ఉంది. దాన్ని గోడవారకి జరుపుకుంటామని అర్జీలో రాసింది కూడా అతనే.

"ఇవి మామూలు ఇటుకలనుకున్నావా? ఈ ఇంటితోపాటు చేసినవే. ఇక్కడ బట్టలుతికే షెడ్డు కూలితే ఏరి నేనే కట్టా. ఇదిగో చూడు, ఇటుక చేసినోడి వేలిముద్ర! కార్తీక మాసంలో వెస్ట్‌మీడ్ ఫ్లాట్లలో ఉండేవాళ్లంతా దీపాలు పెట్టుకోను ఇక్కడికే వచ్చేవాళ్లు. వీధి దాకా లైను ఉండేదమ్మా లైను! మీ ఆంటీ అందరికీ పులిహోర కలిపేది. ఉండు, ఆల్బమ్ తెస్తా."

"వావ్ అంకుల్, దిస్ ఈజ్ సో స్పెషల్. నేను ఈ ఫోటోస్ స్కాన్ చేసుకోవచ్చా?"

"అన్నీ పట్టుకెళ్లు తల్లీ!"

ఆ పిల్ల వెళ్లాక శేషాద్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చాడు. "మనమ్మాయే కౌసల్యా! పనైపోయినట్టే!"

"నేను గుడికెళ్లానా?"

"అది... పరాయిపిల్ల ముందు మన సంగతులెందుకులే అని."

"ఇప్పుడే కదా మనమ్మాయి అన్నారు."

శేషాద్రి కాఫీ కప్పులు కడగాలంటూ దిగిపోయాడు.

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. శేషాద్రి మంచం పక్కన నిలబడి చదివాడు. పెరట్లోని ఇటుక తులసికోట ఆ ఇంటి తొలినాటి ఇటుకలతో కట్టినది, పైగా ఈ ప్రాంతానికి వలసొచ్చినవాళ్ల బతుకుకు సాక్ష్యం, కాబట్టి ఉన్నచోటే ఉంచి కాపాడాలి. అదనపు సౌకర్యం కోసం దాన్ని కదపడానికి వీల్లేదు. అర్జీ తిరస్కరించడమైనది. ఇరవై ఎనిమిది రోజుల్లో మళ్లీ అడగవచ్చు. సోమవారం మనుషులొచ్చి కోట కొలతలూ ఫోటోలూ తీసుకుంటారు.

"అదనపు సౌకర్యమా?" అంది కౌసల్య. "ఫోన్ చెయ్యండి ఆ పిల్లకి. స్పీకర్ పెట్టండి."

శ్రీలేఖ మొదటి రింగుకే ఎత్తింది. "అంకుల్! లెటర్ వచ్చిందా? యూ మస్ట్ బి సో హ్యాపీ! మన స్ట్రీట్ హిస్టరీలో అన్నీ ఇంగ్లీష్ నేమ్స్ అంకుల్. ఫస్ట్ టైమ్ ఒక తెలుగు పేరు ఎక్కింది. కౌసల్య ఆంటీ పేరు నేనే రాశాను. మా బాస్‌తో ఫైట్ చేసి మరీ."

"చాలా సంతోషం తల్లీ. కానీ ఆ బాత్రూము సంగతి..."

"ఓహ్, సారీ అంకుల్, ఆ పార్ట్ నాకూ బ్యాడ్‌గా అనిపించింది. బట్ పైన ఒకటి ఉంది కదా? మీరు ఫామ్‌లో సెకండ్ బాత్రూమ్ అని రాశారు. ఇంట్లో ఎవరికైనా హెల్త్ ప్రాబ్లమ్ ఉంటే డిఫరెంట్‌గా చూస్తారు. ఎవరైనా ఉన్నారా అంకుల్?"

శేషాద్రి కౌసల్య వైపు చూశాడు. కౌసల్య అతని పెదాల వైపు చూస్తోంది. కింద వీధిలో బస్సు ఆగి, తలుపులు తెరుచుకుని, మూసుకుని, వెళ్లిపోయింది.

"అబ్బే, అట్టాంటిదేం లేదమ్మా," అన్నాడు శేషాద్రి. "మేం బానే ఉన్నాం. ఆంటీ అడిగినట్టు చెప్పమంది."

శేషాద్రి ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత కౌసల్య గీతికకి ఫోన్ చేసింది. "కారు తీసుకుని రా. ఇప్పుడే."

వాకర్‌తో మెట్ల దాకా వెళ్లింది. వాకర్ పక్కన పెట్టి, గోడ పట్టుకుని, నెమ్మదిగా పైమెట్టు మీద కూర్చుంది. కాళ్లు కింది మెట్టు మీద పెట్టి, రెండు చేతులూ ఊతంగా ఆనించి, ఒక మెట్టు జరిగింది.

"ఏంది ఇది, పిచ్చా నీకు? ఆగు, నేను పట్టుకుంటా!"

"ముట్టుకోబాకండి."

శేషాద్రి ఆమెను దాటుకుని కిందికి దిగి, మెట్టు మెట్టుకీ వెనక్కి నడుస్తూ చేతులు చాచి పెట్టుకున్నాడు. మెలిక దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. తుంటిలో రాడ్డు ఎక్కడుందో లెక్కగా తెలుస్తోంది. చీర మడమ కింద చిక్కుకుంటే లాక్కుంది. చెమట కళ్లల్లోకి కారింది.

"డాక్టరు ఉత్తరం తీసుకుందాం," అన్నాడు శేషాద్రి. "ఈసారి అంతా రాస్తా. ఇరవై ఎనిమిది రోజులుంది కదా, ఒక్క నెల ఓపిక పట్టు."

"రాయండి. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నానని కూడా రాయండి."

పదిహేను మెట్లకూ ముప్పావు గంట పట్టింది. ఆఖరి మెట్టు మీద కూర్చునే ఆవిడ గీతిక కోసం చూసింది. తొమ్మిది నెలలు కనపడని కింది హాలు కళ్ల ముందుంది. సోఫా ఇంకో గోడకు మార్చాడు.

గీతిక వచ్చి తల్లిని కారెక్కించేసరికి సాయంత్రమైంది. వాకర్ మడిచి వెనక పెట్టింది.

"నువ్వూ రా నాన్నా," అంది. "రెండు జతల బట్టలు పడేసుకో, చాలు."

శేషాద్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "సోమవారం కౌన్సిల్ వాళ్లొస్తారమ్మా. తలుపు తియ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

గీతిక తల్లి వైపు చూసింది. కౌసల్య బెల్టు పెట్టుకుంది. అద్దం దించి మొగుడితో అంది, "బియ్యం డబ్బా వెనక కందిపప్పు ఉంది. పురుగు పట్టకముందే వండుకోండి."

తర్వాత అద్దం ఎత్తేసింది.