బాహుదా ఒడ్డున ఎండుతీగ

గిరిసోల దాటాక బాహుదా ఒడ్డున ముళ్లకంచె వేసిన చిన్న అడవి ముక్క ఉంది. వేరేచోట పెద్దగా కనబడని మొక్కలు అక్కడ ఉన్నాయని కాపాడుతున్నారు. దానికి కాపలాదారు వైకుంఠరావు. వేసవిలో కడుపునొప్పి ముదిరి అతన్ని బరంపురం పెద్దాసుపత్రిలో చేర్చేసరికి, ఆ కాపలా భార్య సీతాలు మీద పడింది.

సీతాలుకి బుద్ధెరిగిన నాటినుంచీ పొలం కూలే. తొలకరికి ముందు మడిలో తుక్కు తీసి కాల్చడంలో ఆమె చేతికి పేరుంది. మగడు తిరిగొచ్చేసరికి ఆ అడవిని శుభ్రంగా అప్పగించాలని ఆమె ఆశ. గడ్డి చెక్కే దోకుడుపార పట్టుకుని వంగిన నడుం ఎత్తలేదు.

"అంతా దోకీసినాను మావా. నీ అడవి ఇప్పుడు మనింటి వాకిలిలాగుంది" అంది ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని.

"అడవిని వాకిలి సేసీసినావేటే!" అని నవ్వాడు వైకుంఠరావు. "సరేగాని, రేవు మూలన ఎండుతీగ ఉండాల, సూసినావా?"

"ఆ సచ్చిన తీగా? పీకీసినాను. కింద కందల్లాటి గడ్డలున్నాయి. వాటికోసం అడవిపందులొచ్చి కంచె ఇరిసేస్తాయని తవ్వి, తుక్కుతోపాటు కాల్సీసినాను."

అతను చాలాసేపు ఆమెకేసి చూశాడు. తర్వాత ఆమె అరచేయి తనవైపు తిప్పుకున్నాడు.

"బొబ్బలెక్కీసినాయి కదే."

"ఎక్కితే ఎక్కాయిలే. బాగు సేసినానా లేదా, అది సెప్పు."

"బాగుంది సీతాలూ. సానా బాగుంది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నొప్పి వచ్చిందనుకుంది ఆమె.

తొలకరి పడకముందే అతను పోయాడు.

వానలు పట్టాక ఆ అడవి మొక్కలు చూసుకోడానికి అపర్ణ వచ్చింది. బరంపురం కాలేజీలో మొక్కల పాఠాలు చెబుతుంది. ఒడియా అలవాటున సీతాలును మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. రేవు మూలకు వెళ్లి బురదలో వేళ్లతో వెతికింది.

"ఇక్కడో తీగ ఉండాలి మావుసీ. ఎండల్లో చచ్చినట్టే ఉంటుంది. వాన పడితే గడ్డలోంచి చిగురేస్తుంది. ఈ ఒడ్డున మిగిలింది అదొక్కటే. గుర్తు పెడితే మందుకోసం తవ్వుకుపోతారని వైకుంఠంగారు పక్కన రాయి కూడా పెట్టనివ్వలేదు. మీకు చెప్పలేదా?"

"నాకేటీ సెప్పలేదమ్మా" అంది సీతాలు. తన చేతులతో కాల్చిన సంగతి దాచలేదు.

"ముక్కేదైనా మిగిలిందేమో, చూద్దాం" అంది అపర్ణ.

చూశారు. దసరా వెళ్లిపోయినా ఆ మూలన గడ్డి తప్ప ఏమీ రాలేదు.

సీతాలు ఆ గడ్డిని పీకలేకపోయింది. ఆసుపత్రి మంచం మీదే అతనికి అంతా తెలిసిపోయింది. తెలిసీ, ఆమె అరచేతిలో బొబ్బలు చూసి, ఆ మాట మింగేశాడు. దాన్ని ఒక్కడే మోసుకుని వెళ్లిపోయాడు.

"ఒక్క తిట్టైనా తిట్టకపోయావేటి మావా" అంది ఆమె నీళ్లకేసి చూస్తూ. "ఇద్దరం కలిసి ఏడ్సుండేవోళ్లం."